ఆకు చెప్పిన రంగు

పెద్దసారు తొమ్మిదో బొప్పాయిని నిలువునా కోసి బల్లమీద పెట్టాడు. లోపల ఎర్రగా ఉంది. ల్యాబు అమ్మాయి ముందే రాసిపెట్టిన కాగితంలోనూ ఎరుపే ఉంది. తొమ్మిదికి తొమ్మిదీ సరిపోయినా ఆ పిల్ల కాగితం మడవలేదు, ఇంకొకటి మిగిలే ఉంది మరి.

అరచేతి ఎత్తు మొక్క నుంచి చిన్న ఆకు గిల్లి, యంత్రంలో పరీక్షించి, కాయబోయే పండు రంగు ఇప్పుడే చెప్పేస్తానని నిరుడు ఆమె అన్నప్పుడు పెద్దసారు ఫక్కున నవ్వాడు. ఆలూ లేదు, చూలూ లేదు అంటూ సామెత అందుకున్నాడు. ఆమె ఓపిగ్గా చెప్పింది. బొప్పాయి గుజ్జులో ముందు తయారయ్యేది లైకోపీన్ అనే ఎరుపు. దాన్ని ఒక జన్యువు పసుపు కెరోటిన్‌గా మారుస్తుంది. ఆ జన్యువు చెడిపోతే ఎరుపు ఎరుపుగానే ఉండిపోతుంది. చెడిందో లేదో ఆకులోనే తెలిసిపోయాక, ఎర్రపండు కోసం తోటంతా పెంచి, పండ్లు కోసి చూసి, సగం చెట్లు నరికే తిప్పలు ఉండవు. అంతా విని పెద్దసారు ఒకటే మాటన్నాడు. పదికి పదీ సరిపోవాలి. ఒక్కటి తప్పినా యంత్రం వెనక్కి పోతుంది, దాని వెంటే ఆమె ఉద్యోగమూ పోతుంది.

పది మొక్కలూ తోటమాలి తాత చేతికి వెళ్లాయి. ఆయన వాటిని మనవల్లా సాకాడు. మధ్యలో ఆమె జ్వరంతో పదిరోజులు మంచమెక్కి తిరిగి వచ్చేసరికి, అంతకుముందు తల వాల్చేసిన పదో మొక్క కూడా కళకళలాడుతోంది. తాతది చల్లని చెయ్యి అని మురిసిపోయి, ఆ సంబరంలో ఏది ఏ రంగు కాస్తుందో చెప్పుకోమంది. తొమ్మిదింటికీ ఆయన కోస్తే గాని తెలియదని తేల్చేశాడు. పదోదాని దగ్గర మాత్రం ఆగాడు.

“ఇది ఎరుపేనమ్మా. రాసిపెట్టుకోండి.”

ఆమె కాగితంలో పసుపు అని ఉంది. ముసలాయన చాదస్తం అనుకుని నవ్వేసింది.

ఇప్పుడు పెద్దసారు పదో పండు కోశాడు. ఎరుపు, అదీ అలాంటిలాంటి ఎరుపు కాదు. ఆయన కత్తి తుడిచి, సోమవారం యంత్రాన్ని పంపించేయమని గుమాస్తాకు చెప్పి, ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. పుండుమీద కారం చల్లినట్టు, భలే తియ్యగా ఉందని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్ల చదువూ బూడిదలో పోసిన పన్నీరే అనిపించింది. గుమ్మం దగ్గర తాత నిలబడి ఉన్నాడు. గెలిచిన మనిషి ముఖంలో నెత్తురుచుక్క లేదు. తనమీద జాలి కాబోలనుకుని ఆమె కళ్లు తుడుచుకుంది.

“మీరే గెలిచారు తాతా. ఆకు చూసి చెప్పారా, కాండం చూసి చెప్పారా? నాకూ నేర్పండి.”

అందులో నేర్పడానికేమీ లేదని తాత గొణిగాడు. ఆమె వదల్లేదు. చివరికి, కోప్పడనని మాటిస్తే చెబుతానన్నాడు, పెద్దసారు ముందు కూడా తానే వచ్చి చెబుతానన్నాడు. ఆమె సరేనంది.

“మీ పదో మొక్క ఆ జ్వరం రోజుల్లోనే చచ్చిపోతే, మీరు బెంగపడతారని మా పెరటి ఎర్రబొప్పాయి మొక్క తెచ్చి పాతానమ్మా.”