తడి గోనె

బెండు కదలడం లేదు. పదకొండు దాటింది. సాయంత్రం నాలుగింటికి ఆసుపత్రిలో వార్డు తలుపులు తీస్తారు. ఆ లోగా చేప పడాలి, తామ్వేలో ఇంటికి చేరాలి, చారు కాగాలి. కన్నయ్య గేలం లాగి, తెల్లబడిన వానపామును చూసి, దాన్నే మళ్ళీ నడి చెరువులోకి విసిరాడు.

భార్య రాధాకుమారికి ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసి నాలుగు రోజులైంది. కుట్లు మానలేదు. నిన్నటి నుంచి జ్వరం. కొర్రమీను చారు తాగిస్తే కుట్లు మానతాయని, అదీ చెరువులో పెరిగిన చేపే కావాలని వార్డులో కూతురికి తోడున్న అత్తగారు నరసమ్మ పట్టుబట్టింది. ఇక్కడివాళ్ళ కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ తింజాన్‌కు బజార్లన్నీ మూసేశారు. అందుకే తెల్లవారాక పక్కింటివాళ్ళ గేలం అడిగి తెచ్చుకుని, ఊరికి ఉత్తరాన ఉన్న ఈ చెరువుకు సైకిలు మీద వచ్చాడు. గేలం పట్టడం అతనికి ఇదే మొదలు.

గట్టు మీద చింతచెట్టు నీడలో అచ్చయ్య అనే ముసలాయన కూర్చుని ఉన్నాడు. పక్కనే తడి గోనెసంచి. అందులో కొర్రమీను ఉందని కన్నయ్య రాగానే చూశాడు. డబ్బిస్తానని అడిగాడు కూడా. తన్లిన్ నుంచి కూతురూ మనవలూ పండగకు వస్తున్నారని, ఇవ్వడం కుదరదని ముసలాయన మర్యాదగానే చెప్పాడు.  అప్పుడప్పుడూ లేచి గోనె మీద దోసెడు నీళ్ళు చల్లుతున్నాడు. అలా తడుపుతూ ఉంటే ఆ చేప పొద్దుగూకేదాకా బతుకుతుందట.

ఫోన్ మోగింది. జ్వరం నూట రెండుకు ఎక్కిందని, పిల్ల పాలకు ఏడుస్తోందని నరసమ్మ చెప్పింది.  ఆమె అంత తక్కువ మాట్లాడటం కన్నయ్య ఎప్పుడూ వినలేదు. ఫోన్ జేబులో పెట్టుకుని, గేలం మళ్ళీ నడి చెరువులోకే విసిరాడు.

ముసలాయన లేచి వచ్చాడు.

"నడి సెరువులో ఏటుంది బాబూ? పైనీళ్ళు కాగిపోతన్నాయి. ఈ ఎండకి మేతకొచ్చే సేప పొద్దున్నే వొచ్చి ఎలిపోద్ది."

"మరేం చెయ్యను తాతా? నాకు ఇవాళే కావాలి."

ముసలాయన గేలం తీసుకుని సీసపు గుండు విప్పేశాడు. వానపామును పారేసి, గట్టు వార నుంచి చిన్న కప్పపిల్లను పట్టి తెచ్చి గుచ్చాడు. తాడు సగానికి సగం తగ్గించాడు. తర్వాత గుర్రపుడెక్క అంచు చూపించాడు. అక్కడ చేటంత మేర నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఉండుండి ఆ ఎరుపులో చినుకులు పడినట్టు బుడగలు లేస్తున్నాయి.

"ఆ ఎర్రమచ్చ పక్కనెయ్యి. నీ నీడ నీళ్ళ మీద పడనీకు. ఆకలికి కాదు, కోపానికి పట్టుద్ది."

కోపం ఎందుకో అడిగే తీరిక కన్నయ్యకు లేదు. వేశాడు. మూడోసారికి నీళ్ళు ఒక్కసారిగా పగిలాయి. తాడు చేతిని కోసింది. ముసలాయన వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గట్టు మీదికి లాగితే మూరెడు కొర్రమీను, నల్లటి వీపుతో, నోరు తెరిచి పడింది. కన్నయ్య దాన్ని బకెట్లో వేసి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళ అంచుకు వంగాడు.

ఎర్రమచ్చ చెదిరిపోతోంది. అది మచ్చ కాదు. అగ్గిపుల్లంత చేపపిల్లలు, వందలు. దారి తెలియక ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అప్పుడే ఎక్కడినుంచో వచ్చిన వేరే చేపలు వాటిలోకి దూరి మింగుతున్నాయి.

"పిల్లలు," అన్నాడు అచ్చయ్య. "కాసేది లేకపోతే సందేళకి ఒక్కటీ మిగల్దు."

కన్నయ్య బకెట్ ఎత్తాడు. సైకిలు వైపు నాలుగడుగులు వేశాడు. ఆగాడు. అతను గుడికి వెళ్ళినా ఏదీ అడిగే మనిషి కాదు. ఇప్పుడు మాత్రం పెదవులు కదిలాయి.

"తల్లిని పిల్లలకి ఇచ్చేస్తున్నాను. నా పిల్లకి తల్లిని ఉంచు."

వెనక్కి వచ్చి బకెట్ నీళ్ళలోకి వంచాడు. చేప క్షణం కదలకుండా ఉండి, ఎర్రమచ్చ కిందికి జారిపోయింది.  

ఖాళీ బకెట్ చేతిలో ఉండగానే ఫోన్ మోగింది. ఎత్తడానికి కన్నయ్యకు ధైర్యం చాలలేదు. ఆగిపోయి మళ్ళీ మోగింది. ఎత్తాడు.

జ్వరం దిగిందట. ఒళ్ళంతా చెమట పట్టి, కళ్ళు తెరిచి పిల్లను చూపించమందట. చారు పట్టొచ్చని డాక్టరమ్మ చెప్పిందట. నరసమ్మ గొంతు మామూలుగా మారిపోయింది.

"సేప దొరికిందేటి బాబూ? దానికి నోరు సవి సచ్చిపోనాది. సేప సారు కావాలని అదే అడుగుతంది."

కన్నయ్య వస్తున్నానని మాత్రం అన్నాడు.

అచ్చయ్య ఆ మాటలన్నీ విన్నాడు. చెట్టు కిందికి వెళ్ళి, గోనె మీద ఇంకో దోసెడు నీళ్ళు చల్లి, మూతి బిగించి తెచ్చి కన్నయ్య భుజానికి తగిలించాడు.

"వద్దు తాతా. మీ అమ్మాయి వస్తుందన్నావు."

"దానికి నాను సెప్పుకుంటాన్లే. బాలింతరాలికి మించినోలా మేము? ఎల్లు."

కన్నయ్య వంగి ఆయన పాదాలకు దణ్ణం పెట్టాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి ఊపిరి తేలిగ్గా వచ్చింది. సైకిలు తాళం తీస్తూ, ఏదో ఒకటి మాట్లాడాలనిపించి అడిగాడు.

"ఇంత ఎండల్లో నీకెక్కడ దొరికింది తాతా ఇది?"

భుజం మీద గోనె ఒకసారి గట్టిగా కొట్టుకుంది.

"ఇక్కడే, తెల్లారగట్ల, ఆ పిల్లల కాడే. ఆలూ మగడూ రెండూ కాస్తాయి బాబూ. నువ్వు ఒగ్గేసింది తండ్రిని. తల్లి ఇదే."