బడి కప్పుకిచ్చిన గడ్డి

మధ్యాహ్నం దాటింది. సన్నగా మొదలైన వాన గాలి తోడై దంచికొడుతోంది. బడి కప్పు కూలిపోయిందని పక్కింటి ఉడుత ఏడుస్తూ వచ్చి చెప్పింది. నా ముగ్గురు పిల్లలూ బడిలోనే ఉన్నారు. కుందేలుని కదా, వానలోనే దూకుతూ బడి వైపు పరుగెత్తాను.

మా అడవిలో వానలు పడకముందే ఇంటికో మోపు గడ్డి ఇస్తాం. పాత కప్పు మీద కొత్తగా కప్పడానికి. ఈసారి నేను వాగు అవతలి ఎర్రగడ్డి కోసి ఇచ్చాను. మోపులన్నీ నెమలి పెద్దాయన తీసుకున్నాడు.

బడి దగ్గర నా ఎర్రగడ్డి కనిపించింది. కప్పు మీద కాదు. బడి ముందు కొత్తగా కట్టిన స్వాగత ద్వారానికి జడలల్లి చుట్టారు. దాని కింద నెమలి తడవకుండా నిలబడి ఉన్నాడు.

"పిల్లల నెత్తిన కప్పమని కదా ఇచ్చాం, బాబాయ్?"

"ఏనుగు దొరగారు బడి చూడ్డానికి వస్తున్నారమ్మా. ఆయన చూసేది ద్వారమే. లోపలికి ఎలాగూ పట్టరు."

నేను ఆయన్ని దాటుకుని లోపలికి దూకాను.

కూలిన కప్పు కింద పంతులమ్మ కొంగ రెక్కలు చాచి కూర్చుని ఉంది. ఆ రెక్కల కింద నుంచి పిల్లలు ఒక్కొక్కరే బయటికి వచ్చారు.

ఇంటికొచ్చాక తలలు తడిమి చూసుకున్నాను. నా పెద్దది ఉంది, నడిపివాడు ఉన్నాడు, చిన్నది ఉంది. ఉడుత పిల్లలిద్దరూ ఉన్నారు. పంతులమ్మ కూడా వచ్చింది, ఒక రెక్క నేలకు వేలాడుతోంది. ఆమెనూ కలుపుకుని మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను.