పౌలు తరఫున దావీదు

"రేపు ఆరాధనలో రోజా వాక్యం చెప్పడానికి వీల్లేదు," అన్నాడు దావీదు.

రోజా ఆయన సొంత కోడలు.

బోగోలు దగ్గరి ఆ చిన్న చర్చిలో కమిటీ అప్పుడే కూర్చుంది, ఇంకా టీ కూడా రాలేదు. పాస్టరుగారు గొంతు ఆపరేషనై నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నారు. రేపు ప్రసంగించడానికి మనిషి లేడు. వేదాంతం చదివి పట్టా తెచ్చుకున్నది ఊరు మొత్తానికి రోజా ఒక్కతే. ఇలాంటి ఒక్క ఆదివారం కోసం ఆ అమ్మాయి ఎంతగా ఎదురుచూస్తోందో కమిటీ పెద్ద సంజీవరావుకు తెలుసు. ఆయన మనసు రోజా వైపే ఉంది. అయినా రెండు వైపులా వినాలి కదా.

"ఎందుకు వద్దంటావన్నా?"

"నేనెవర్ని వద్దనేదానికి? ఆడవాళ్ళు సంఘంలో బోధించకూడదని బైబిల్లో, తిమోతికి రాసిన మొదటి లేఖలో పౌలే చెప్పినాడు."

కావలి కాలేజీలో చరిత్ర చెప్పే జడ్సన్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"ఆ లేఖ పౌలు రాయలేదని చానామంది పండితులు అంటుండారు దావీదన్నా. ఆయన పోయినాక ఎవరో శిష్యుడు ఆయన పేరు పెట్టి రాసినాడంట. మాటల తీరే వేరు."

"పెళ్ళానికి రాసే జాబూ, తాసిల్దారుకు పెట్టే అర్జీ ఒకటే తీరున రాస్తావా నువ్వు? మిగతా లేఖల్లో చానావరకు సంఘాలకి. ఇది శిష్యుడికి."

"మరీ ఇంత తేడానా?"

"పౌలు చెప్తా ఉంటే రాసే మనిషి వేరే ఉండేవాడు. రోమా లేఖ చివర్లో ఆ రాసినాయన పేరు కూడా ఉండాది, చూసుకో. చెయ్యి మారితే మాట మారదా?"

సంజీవరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. ప్రసంగం మొదలవగానే కునుకు తీసే దావీదేనా ఈయన?

జడ్సన్ ఊరుకోలేదు. "ఆ లేఖలో అధ్యక్షులు, పరిచారకులు అని ఏర్పాట్లుండాయి. అయ్యన్నీ తర్వాత కాలంలో వచ్చినవి."

"ఫిలిప్పీ లేఖ మొదటి వాక్యం చదువు. అందులో లేరా అధ్యక్షులు, పరిచారకులు? అది పౌలుదేనని మీ పండితులే ఒప్పుకుంటుండారు గదా."

టీ వచ్చింది. ఎవరూ గ్లాసు ముట్టుకోలేదు. కరెంటు పోయింది గానీ, సముద్రం మీంచి చల్లగాలి తిరగడంతో ఎవరికీ ఫ్యాను గుర్తురాలేదు.

చివరికి జడ్సన్ రెండు చేతులూ ఎత్తేశాడు. "నా వల్ల కాదు సంజీవరావు గారూ. పుట్టినప్పటి నుంచీ చర్చికి వస్తుండా. ఆ లేఖ గురించి ఇంత వివరంగా నాకెవరూ చెప్పలా."

కమిటీలో తలలన్నీ ఊగాయి. రోజాకు ఈ కబురు సంజీవరావు ఏ ముఖం పెట్టుకుని చెప్పాలి? పాస్టరుగారి పాత ప్రసంగమేదో ఫోన్లో ఉంటే మైకు దగ్గర పెట్టి వినిపించాలి, అంతే. తీర్మానం చెప్పబోయి, ఉండబట్టలేక అడిగాడు.

"ఒక్క మాటన్నా. ఇంత సంగతి నీకెట్టా తెలిసింది?"

గెలిచిన సంతోషంలో దావీదు టీ గ్లాసు అందుకుని, "ఇంకెవరు, మా రోజానే వారం నుంచీ రోజూ పక్కన కూర్చోబెట్టుకుని బోధించింది," అన్నాడు.