కర్ణభేరికి రంధ్రం

ఆసుపత్రి గదిలో మొగుడు కొట్టిన చెంపదెబ్బకు ఆమె వెళ్లి మందుల బల్ల మీద పడింది. స్టీలు ట్రే నేలమీద గింగిరాలు తిరిగింది.

"నన్నడక్కుండా పిల్ల చెవులకు లేజరు పెట్టిస్తావా? పెత్తనం నీ చేతికెప్పుడొచ్చింది?"

"రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరిందండీ. చిన్న రంధ్రం చేసి తీసేశారు, అంతే."

అతను జుట్టు పట్టుకుని ఆమె తలను గోడకేసి బాదాడు. పెదవి చిట్లింది. అలవాటుగా ఆమె కళ్లు ఐదేళ్ల కూతురి వైపు వెళ్లాయి.

ఇంట్లో ఎంత రభస జరిగినా పిల్ల అటు తిరిగి బొమ్మలతో ఆడుకుంటూనే ఉండేది. దానికేమీ వినపడదులే అన్న ధీమాతోనే ఆమె కాపురం నెట్టుకొచ్చింది. ఆ ధీమా కోసమే ఆపరేషన్ వాయిదా వేసింది. ఇంకా ఆలస్యమైతే మాటలు సరిగా రావని డాక్టరమ్మ కసిరాకే ఒప్పుకుంది.

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల ఉలిక్కిపడి లేచింది. రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"అమ్మా, నాన్న రోజూ ఇలాగే అరుస్తాడా?"

చప్పుడు విని డాక్టరమ్మ తలుపు తోసుకుని వచ్చింది.

"నాటకాలు చాలు, ఇంటికి పద," అంటూ అతను మళ్లీ చెయ్యెత్తాడు.

ఆమె పిల్లను చంకనెత్తుకుని డాక్టరమ్మ పక్కన నిలబడింది.

"ఆ రంధ్రం ఎన్నాళ్లుంటుందండీ?"

"కొన్ని వారాల్లో దానంతటదే పూడుకుపోతుంది. పిల్లకు మాత్రం ఇక అన్నీ వినపడతాయి."

ఆమె పెదవి మీది రక్తం తుడుచుకుంది.

"అయితే మేం ఆ ఇంటికి వెళ్లం. పోలీసులకు ఫోన్ చెయ్యండి."