గుండీలు: సుమారుగా చాలా

“పదకొండు వేల నాలుగు వందల ఆరు... ఏడు... ఎనిమిది...”

క్రాబ్‌ట్రీ గారు సీసాలోంచి ఒక్కో గుండీ తీసి, కళ్లద్దాల దగ్గర పెట్టుకుని చూసి, పళ్లెంలో వేస్తున్నారు. బల్లకి అవతల హెస్టర్ ఊపిరి బిగబట్టి కూర్చుంది.

“ఎంతదాకా వచ్చిందండీ?” అన్నాడు ఆల్విన్.

“పదకొండు వేల...” క్రాబ్‌ట్రీ వేలు గాల్లో ఆగిపోయింది. “నాలుగు వందల... ఎంతన్నాను?”

“పోయింది! మళ్లీ పోగొట్టావు కదయ్యా ఆల్విన్!” హెస్టర్ లేచింది. “ఇంకేం చేస్తాం, టీ పెడతాను. అల్లం కేకు కూడా ఉంది.”

ఆల్విన్ తల పట్టుకున్నాడు. “ఇలాగైతే ఈ విచారణ ఎప్పటికి తెమిలేనండీ?” అన్నాడు. ప్రతి గురువారం అనే మాటే అది.

స్కిప్టన్ ఊళ్లో బజారు వీధిలోని ఆ గుండీల దుకాణం హెస్టర్ తండ్రి పెట్టింది. ఆల్విన్ ఆమెకి ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాడు. రెండేళ్ల కిందట ఓ కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

“పన్ను విచారణ బీమా. తొంభై పౌండ్లు కట్టండి, హాయిగా ఉండండి.”

“దొంగలకి బీమా ఉంది, నిప్పుకి బీమా ఉంది. పన్నుల వాళ్లు రాసే ఉత్తరానికి కూడా బీమానా?”

“పన్నుల శాఖ విచారణ మొదలుపెడితే మీ తరఫున జవాబు చెప్పేది నేను. గంటకి ఇంతని తీసుకుంటాను. మీ తప్పేమీ లేదని తేలినా నా ఫీజు మీ నెత్తినే పడుతుంది. బీమా ఉంటే వాళ్లు కడతారు.”

“అంటే నీ బారినుంచి నన్ను కాపాడే బీమా.”

“...అలా కూడా అనుకోవచ్చు.”

“దాన్ని నువ్వే అమ్ముతున్నావు.”

“అవునండీ.”

హెస్టర్ పడీపడీ నవ్వి, ఆ నవ్వులోనే సంతకం పెట్టేసింది. నాలుగు నెలలకి నిజంగానే ఉత్తరం వచ్చింది. దాని వెనకాలే నల్ల సంచీ పట్టుకుని ఇన్‌స్పెక్టర్ క్రాబ్‌ట్రీ వచ్చారు. ఖాతాలన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఒక్క వరుస దగ్గర ఆయన పెన్సిల్ ఆగింది. ‘నిల్వ సరుకు: గుండీలు, సుమారుగా చాలా.’

“‘చాలా’ అనేది అంకె కాదండీ.”

“మా నాన్న అలాగే రాసేవాడు.”

“అయితే మీ నాన్నగారు కూడా తప్పే రాశారు.”

ఆ మాటకి హెస్టర్ రెండు వారాలు ఆయనకి కేకు పెట్టలేదు.

మొత్తానికి లెక్కపెట్టాల్సిందేనని తేలింది. ప్రతి గురువారం ముగ్గురూ బల్ల చుట్టూ చేరేవారు. ఒకసారి లెక్క పదివేలు దాటాక ఎవరో పెళ్లికూతురి తల్లి వచ్చి, లెక్కపెట్టిన పళ్లెంలోంచే ఆరు ముత్యపు గుండీలు కొనుక్కుపోయింది. ఇంకోసారి పిల్లి దూకింది. గుండీకి బదులు కోటుకి కుట్టే కొయ్యముక్క గుండీ అవుతుందా కాదా అన్న తగవులో రెండు గురువారాలు గడిచిపోయాయి. ఆల్విన్ చట్టం పుస్తకం తెచ్చి కాదన్నాడు, క్రాబ్‌ట్రీ అదే పుస్తకం చూపించి అవునన్నారు, హెస్టర్ ఇద్దరి చేతుల్లోనూ చెరో టీ కప్పు పెట్టి నోళ్లు మూయించింది. ఆల్విన్ గురువారాలు వేరే ఖాతాదారులకి సమయం ఇవ్వడమే మానేశాడు.

ఆ రోజు కేకు కోస్తుండగా తలుపు గంట మోగింది. ముదురు నీలం కోటు వేసుకున్న ఒకావిడ లోపలికొచ్చింది.

“నా పేరు బెర్నిస్. బీమా కంపెనీనుంచి వచ్చాను. మీ విచారణ ఫైలు మా దగ్గర ఇంకా తెరిచే ఉంది.” ఆవిడ చూపు నల్ల సంచీ మీద పడింది. “మీరెవరండీ?”

“క్రాబ్‌ట్రీ. పన్నుల శాఖ.”

“నిన్ననే వాళ్లకి ఫోన్ చేశాను. మీరు పోయినేడు ఏప్రిల్లో రిటైరయ్యారట. అంతకు ముందు మార్చిలోనే, తప్పేమీ లేదని రాసి, ఈ విచారణ మూసేశారట కదండీ?”

అయిపోయింది, అనుకున్నాడు ఆల్విన్.

క్రాబ్‌ట్రీ చెవులదాకా ఎర్రబడ్డారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఉండిపోయారు.

“మూసేశాను. రిటైరయ్యాక మొదటి గురువారం పొద్దున్నే కోటు వేసుకుని, అలవాటుగా బస్సెక్కేశాను. దిగి చూస్తే ఇక్కడున్నాను. నిజం చెప్పేద్దామనే లోపలికొచ్చాను, హెస్టర్ గారూ. మీరు అప్పటికే సీసా మూత తీసి పెట్టారు. ఇంట్లో నేనూ, రేడియో...”

“నాకు తెలుసు,” అంది హెస్టర్.

“ఏం తెలుసు?”

“మూసేసినట్టు ఉత్తరం మార్చిలోనే వచ్చింది. కత్తెర్ల సొరుగులో ఉంది.”

“మరి నాతో అనలేదేం?”

“అంటే మీరు రావడం మానేస్తారుగా.”

ఇద్దరూ తమ తమ కప్పుల్లోకి చూసుకున్నారు. బెర్నిస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. హెస్టర్ ఆమె ముందు కూడా ఒక కేకు ముక్క పెట్టింది.

“ఆ బీమా వల్ల లాభమేమిటని అందరూ అడుగుతుంటారు. తొంభై పౌండ్లకి ఇంతకంటే ఏం కావాలమ్మా? ఈ ఏడూ కడతాను.”

బెర్నిస్ జాలిగా ఆల్విన్ వైపు తిరిగింది.

“పాపం, వీళ్లిద్దరూ కలిసి మిమ్మల్ని ఏడాదికి పైగా వెర్రివాణ్ని చేశారండీ. ఒక్క సంగతే నాకు అంతుపట్టడం లేదు. నేనొచ్చిందీ దానికోసమే. పోయినేడు మార్చి తర్వాత మీరు మాకు ఒక్క బిల్లూ పంపలేదు. మీరు పోయారేమోనని కూడా అనుకున్నాం. ఎందుకు పంపలేదు?”

ఆల్విన్ పళ్లెంలోంచి ఒక గుండీ తీసి మళ్లీ సీసాలో వేశాడు. హెస్టర్, క్రాబ్‌ట్రీ తలలెత్తి అతని వైపు చూశారు.

“ఆ ఉత్తరం నకలు మార్చిలోనే నాకూ వచ్చింది.”