మామగారు చేయించిన కత్తెర

"ఆడదాని చేతికి కత్తెరిస్తే కోటు కాస్తా జాకెట్టయి కూర్చుంటుంది," అన్నాడు కటింగ్ మాస్టరు. మిషన్ల మీదున్న మగవాళ్ళు పగలబడి నవ్వారు.

గుండీలక్క నవ్వలేదు. పళ్ళ మధ్య ఉన్న సూది తీసి సూదుల దిండుకు గుచ్చింది. ఆ కుట్టుషాపులో పదకొండేళ్ళుగా గుండీలు, కాజాలు ఆవిడ పని. పేరూ అలాగే వచ్చింది. షాపులో ఆడవాళ్ళు ఐదుగురు. ఐదుగురూ నేలమీదే. మిషన్లు మగవాళ్ళవి, కటింగ్ బల్లలు రెండూ మగవాళ్ళవే. రెండో బల్ల మనిషి మానేసి నెలయింది. ఆవిడ ఆ బల్ల అడిగింది.

"మా వీధిలో సగంమంది బట్టలు నేనే కత్తిరిస్తానయ్యా," అంది ఓనరుతో. "ఒక్కటీ తిరిగి రాలేదు."

"ఇంట్లో వంట కూడా చేస్తావుగా? రేపట్నించి హోటలు పెట్టు." మాస్టరు కుడిచేత్తో సుద్దముక్క ఎగరేసి పట్టుకున్నాడు.

"పరీక్ష పెట్టండి మాస్టరుగారూ. నోటితో ఎందుకు?"

ఓనరు గడ్డం గోక్కున్నాడు. ఆయనకు మనిషి కావాలి. మాస్టరుతో గొడవ మాత్రం వద్దు.

"పెడదాం," అన్నాడు మాస్టరు. "కానీ ఓ మాట. నీ వల్ల కాకపోతే ఈ షాపులో ఇంకే ఆడదీ బల్ల ఊసెత్తకూడదు. నువ్వూ, ఆ నలుగురూ, రేపు రాబోయేవాళ్ళూ."

నేలమీది నలుగురూ తలలెత్తారు. ఒకామె వద్దన్నట్టు చెయ్యి ఊపింది.

"సరే," అంది గుండీలక్క.

మాస్టరు అరలోంచి తోలుసంచి తీశాడు. "నా కత్తెరే ఇస్తా. తర్వాత వంకలు పెట్టకుండా."

మిషన్ల మీదున్నవాళ్ళు మెడలు చాచారు. ఆ కత్తెర ఇంకెవరూ ముట్టుకోగా చూసినవాళ్ళు లేరు. మాస్టరు షాపులో కొలతలు తీస్తాడు, సుద్దతో గీస్తాడు. కత్తిరించేది ఇంట్లోనే. పదిమంది కళ్ళముందు చేస్తే పనితనం దొంగలపాలవుతుందంటాడు. పొద్దున్నే ముక్కలు మడతపెట్టి తెస్తాడు. నూలుపోగంత తేడా ఉండదు. పెద్ద మాస్టర్లకు ఆ మాత్రం గుట్టు ఉంటుందిలే అని ఎవరూ అడగరు.

"మా మామగారు కమ్మరి పక్కన కూర్చుని మరీ చేయించాడు. ఇలాంటిది ఈ ఊళ్ళో రెండోది లేదు."

"నా కత్తెర ఉందండీ..."

"మాస్టరు తనది ఇస్తానంటే నీకేం నొప్పి?" ఓనరు విసుక్కున్నాడు. "కానియ్."

ఆవిడ బట్ట పరిచింది. కొలిచింది, గీసింది. ఓనరు టేపు పెట్టి చూశాడు. గీతల్లో తప్పు లేదు.

కత్తెర కుడిచేతిలోకి తీసుకుంది. పిడి బొటనవేలి ఎముకమీద ఒరుసుకుంది. నొక్కింది. బట్ట తెగలేదు. కత్తెర రెండు అలుగుల మధ్య మడతపడి నలిగింది. పళ్ళు బిగించి మళ్ళీ నొక్కింది. అంచు ఎలుక కొరికినట్టయింది.

"ఇది మొద్దుబారిందండీ."

"మొద్దా?" మాస్టరు కత్తెర లాక్కున్నాడు. దారంముక్క ఒకటి అలుగుకు అలా తాకించాడు. దారం రెండై కిందపడింది. "ఓనరుగారూ, మీరే చూశారుగా. మొద్దుబారింది కత్తెరా, చెయ్యా?"

ఈసారి ఓనరు కూడా నవ్వాడు. "పో అమ్మా, గుండీలు చూసుకో."

ఆవిడ వెళ్ళి చాపమీద కూలబడింది. పక్కనామె తల తిప్పకుండా అంది: "నీకేం, అడిగావు. మా నోళ్ళు కూడా కుట్టేశావు కదే."

మాస్టరు కత్తెర సంచిలో పెట్టి, కొత్త కోటు బట్ట చంకన పెట్టుకుని ఈలవేస్తూ పెందలాడే వెళ్ళిపోయాడు. తీరా చూస్తే లైనింగు గుడ్డ బల్లమీదే ఉంది.

"వాళ్ళిల్లు నీ దారిలోనేగా? ఇచ్చి వెళ్ళు," అన్నాడు ఓనరు.

ఆ గుమ్మం తొక్కాలంటే ఆవిడకు ఒళ్ళు మండింది. అయినా వెళ్ళింది. మనసులో ఒకటే ఉంది. ఆయన ఆ కత్తెర ఎలా పడతాడో ఒక్కసారి చూడాలి. తన చెయ్యి ఎక్కడ తప్పిందో తెలియాలి.

తలుపు ఓరగా ఉంది. లోపల బల్లమీద కోటు బట్ట పరిచి ఉంది. మాస్టరు భార్య వంటింట్లోంచి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"ఇవాళ ఒకత్తికి బుద్ధి చెప్పానులే," మాస్టరు నవ్వుతున్నాడు. "బల్ల కావాలట మహాతల్లికి!"

ఆమె బట్ట ముడతలు సరిచేసింది. మాస్టరు సంచి విప్పి కత్తెర తీశాడు. బయట గుండీలక్క తలుపు సందుకు కన్ను ఆనించింది.

భార్య ఆ కత్తెరను ఎడమచేత్తో అందుకుని, ఆ చేతికే చేయించినట్టు అమరిన పిడితో కత్తిరించసాగింది.