కుక్క నుంచి అంటిన కలక

పూతలపట్టులో నా బిడ్డ ధనకోటి ఇంటికి పోతే, మొగం మీదికి కొంగు లాక్కోని వచ్చింది. "దగ్గరికి రావద్దమ్మా, కండ్లకలక. మన కుక్క నుంచే అంటుకునింది" అనింది.

కలక కండ్లను సూస్తే సూసినోళ్లకూ వస్తాది గదా, నేను తల తిప్పుకున్నాను. కుక్కకూ ఒక కన్ను ఎర్రగా వాచి నీళ్లు కారతా ఉండాది. ఇంట్లో చంటిది. దానికీ అంటితే ఏం గతి అని నాకు ఒకటే దడ. కుక్కకు తాడేసి పశువుల డాక్టరు దగ్గరికి ఈడ్చుకోని పోయినాను.

ఆయన రెప్ప ఎత్తి సూసినాడు. "కలకైతే పుసి కడతాది అవ్వా. దీనికి కంట్లో రగతం గడ్డ కట్టింది. ఎవరో గట్టిగా తన్నినారు. ఇది ఎవరికీ అంటేది కాదు" అన్నాడు.

ఇంటికొచ్చి బిడ్డ మొగం మీద కొంగు తీసేసినాను. కన్ను కింద చెంపంతా నల్లగా కమిలిపోయి ఉండాది.

"పా మే, మనూరికి పోదాం" అన్నాను.

"నేనొస్తే నీ అల్లుడు చంటిదాన్ని ఇయ్యడమ్మా. కుక్కను తీసుకోని పో. నన్ను కొట్టేటప్పుడు అడ్డమొస్తాది. ఈసారి దాన్ని సంపేస్తాడు" అనింది.